ప్రశ్నలు – జవాబులు: ఆటగాడి జీతం, బండి వేగం, మన పన్ను

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారి నుంచి, పిల్లలను అక్కడికి చదువులకు పంపిన తల్లిదండ్రుల నుంచి వచ్చినవే. ఆదివారం భోజనాల దగ్గర, ఆఫీసు క్యాంటీన్‌లో, పిల్లల ఆట చూస్తూ మైదానం గట్టున నిలబడ్డప్పుడు జరిగే వాదనలే వాటిలో ఉన్నాయి. ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు అన్ని డబ్బులు ఎందుకు, వేగంగా నడిపేవారికి పడే జరిమానా సరిపోతుందా, జీతం పెరిగితే పన్ను మింగేస్తుందా అన్న ఈ ప్రశ్నలు పైకి వేరువేరుగా కనిపించినా, వాటి అడుగున ఉన్న సందేహం ఒకటే. ఒక మొత్తం న్యాయమైనదో కాదో తేల్చడానికి అంకెను చూడాలా, లేక ఆ అంకె ఎవరి మీద ఎంత బరువుగా పడుతోందో చూడాలా? నాది రెండో పక్షం. జవాబులన్నీ ఆ దృష్టితోనే రాశాను.

ప్రశ్న (మాంచెస్టర్ నుంచి ఒక పాఠకుడు): మా ఆవిడ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఏడాది పొడుగునా రాత్రి డ్యూటీలు చేసి ఆమె తెచ్చే జీతం ఇంగ్లండ్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆడే ఒక ఆటగాడికి ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. ఇది అన్యాయమని నేనంటాను. చూసేవాళ్ళున్నారు కాబట్టి ఇస్తున్నారని మా అబ్బాయి అంటాడు. ఎవరి మాట సరైనది?

జవాబు: మీ బాధ నిజమైనది, మీ అబ్బాయి లెక్కా తప్పు కాదు. అయితే ఆటగాడి జీతానికి ఒక చరిత్ర ఉంది. అది తెలిస్తే మీ కోపం మరో వైపుకు తిరుగుతుందని నా నమ్మకం.

1961 వరకు ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆటగాడికి వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదన్న నిబంధన ఉండేది. ఆనాడూ మైదానాలు కిటకిటలాడేవి, టికెట్ల డబ్బు బాగానే వచ్చేది. ఆటగాడికి చేరని ఆ డబ్బు ఆసుపత్రులకు పోలేదు, నర్సుల జీతాలలో కలవలేదు. క్లబ్బుల దగ్గరే ఉండిపోయింది. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళ సంఘం సమ్మెకు సిద్ధపడితే తప్ప ఆ పరిమితి తొలగలేదు. తొలగిన వెంటనే ఫుల్‌హామ్ క్లబ్బు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది. అప్పటికింకా, ఒప్పందం ముగిసినా ఆటగాడిని వేరే క్లబ్బుకు పోనివ్వకుండా ఆపే పద్ధతి నడుస్తూనే ఉంది. జార్జ్ ఈస్ట్‌హామ్ న్యూకాజిల్ క్లబ్బు మీద కోర్టుకెక్కి 1963లో గెలిచాక ఆ పద్ధతి బలహీనపడింది. అంటే ఈనాటి పెద్ద జీతాలకు మొదటి కారణం దురాశ కాదు. పనివాడు తన పనికి బేరమాడే హక్కును పోరాడి సంపాదించుకోవడం.

రెండో కారణం టీవీ. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు ఐదేళ్ళ ప్రసార హక్కుల విలువ 30.4 కోట్ల పౌండ్లు. 2025లో మొదలైన నాలుగేళ్ళ ఒప్పందంలో ఒక్క బ్రిటన్ హక్కుల విలువే 670 కోట్ల పౌండ్లు. ఏడాది లెక్కకు మార్చి చూస్తే 6 కోట్లు కాస్తా 167 కోట్లు దాటింది. ఆ డబ్బు ఎవరో ఒకరి జేబులోకి వెళ్ళక తప్పదు. చెమట ఓడ్చిన ఆటగాడికి కాకుండా యజమానికి వెళితే మీకు ఊరట కలుగుతుందా?

ఇప్పుడు పన్ను సంగతి. వారానికి 2 లక్షల పౌండ్ల ఆటగాడికి ఏడాదికి 1.04 కోట్ల పౌండ్లు వస్తాయి. అదంతా మామూలు జీతంగానే తీసుకుంటే ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం నుంచి కోసుకునే సామాజిక భద్రత చందా) కలిపి సుమారు 48.8 లక్షల పౌండ్లు ప్రభుత్వానికి చేరతాయి. క్లబ్బు తన వాటాగా చెల్లించే 15 శాతం ఇన్సూరెన్స్ దానికి అదనం. ఏడాదికి 31,000 పౌండ్లు సంపాదించే ఉద్యోగి కట్టేది సుమారు 5,160 పౌండ్లు, అంటే జీతంలో ఆరో వంతు. ఆటగాడు కట్టేది దాదాపు సగం. రేపు ఆటగాళ్ళ జీతాలన్నీ సగానికి తగ్గించినా మీ ఆవిడ జీతానికి ఒక్క పెన్నీ కలవదు సరికదా, ఆమెకు జీతమిచ్చే ఖజానాకే రాబడి తగ్గుతుంది. నర్సుకు ఎంత ఇవ్వాలో నిర్ణయించేది ప్రభుత్వం, నిలదీయవలసింది దానిని.

ఒక విషయంలో మాత్రం మీ అనుమానం సరైనదే. ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు వచ్చే డబ్బును జీతంగా కాక అతని సొంత కంపెనీకి చెల్లించే పద్ధతి ఒకటుంది. అక్కడ 45 శాతానికి బదులు కంపెనీ పన్ను 25 శాతమే పడుతుంది. హద్దుల్లో ఉన్నంతవరకు అది చట్టబద్ధమే. స్పెయిన్‌లో 2016లో మెస్సీకి, 2019లో రొనాల్డోకు శిక్షలు పడ్డది ఇలాంటి బొమ్మ హక్కుల ఆదాయాన్ని పన్ను అధికారులకు సరిగా చూపనందుకే. జీతం ఎంత అన్నదాని కంటే, దాని మీద పన్ను పూర్తిగా పడుతోందా అన్నదే మనం గట్టిగా అడగవలసిన ప్రశ్న.

ప్రశ్న (లివర్‌పూల్ నుంచి ఒక పాఠకురాలు): మా ఇంటిల్లిపాదీ ఎవర్టన్ అభిమానులం. క్లబ్బు ఎక్కువ ఖర్చు పెట్టిందని పాయింట్లు కోశారు. యజమాని తన డబ్బు తాను ఖర్చు పెట్టుకుంటే తప్పేమిటండీ? ధనిక క్లబ్బులను మాత్రం ఎవరూ ఏమీ అనరు.

జవాబు: 2025-26 సీజన్ వరకు నిబంధన ఇది: ప్రీమియర్ లీగ్ క్లబ్బు మూడేళ్ళలో కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదు. మైదానం కట్టడానికి, పిల్లల శిక్షణకు, మహిళల జట్టుకు పెట్టిన ఖర్చు ఈ లెక్కలోకి రాదు. ఎవర్టన్ నష్టం 12.45 కోట్లని కమిషన్ తేల్చి 2023 నవంబరులో 10 పాయింట్లు కోసింది. అప్పీలులో అవి 6 అయ్యాయి. తరువాతి లెక్కల కాలానికి మరో 2 పోయాయి. అదే సీజన్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 పాయింట్లు పోయాయి. మూడేళ్ళలో రెండేళ్ళు కింది డివిజన్‌లో ఉన్నందుకు ఆ క్లబ్బుకు పెట్టిన హద్దు 6.1 కోట్లే. అప్పుడే పైకి వచ్చిన క్లబ్బుకు ఖర్చు ఎక్కువ, హద్దు తక్కువ. చిన్నవాడి మీద బరువు ఎక్కువ పడుతోందన్న మీ మాట ఇక్కడ నూటికి నూరుపాళ్ళూ నిజం.

అయినా నిబంధనే వద్దని నేను అనలేను. యజమాని ఉన్నంతకాలం డబ్బు వస్తుంది. ఆయనకు విసుగు పుట్టినా, దివాలా తీసినా, ఆటగాళ్ళతో రాసుకున్న మూడేళ్ళ, నాలుగేళ్ళ ఒప్పందాలు మాత్రం క్లబ్బు మెడకు చుట్టుకునే ఉంటాయి. మీకు దగ్గరలోనే ఉన్న బరీ పట్టణాన్ని తలుచుకోండి. 1885లో పుట్టిన ఆ క్లబ్బు 1900లోనూ 1903లోనూ ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. అప్పుల్లో కూరుకుపోయి, ఒక్క పౌండుకు చేతులు మారి, చివరికి 2019 ఆగస్టులో లీగు నుంచే వెలివేయబడింది. నూట ముప్ఫై ఏళ్ళకు పైగా తాతల నుంచి మనవలకు వచ్చిన శనివారం మధ్యాహ్నం ఆ ఊరికి ఒక్కసారిగా లేకుండా పోయింది. అలాంటి ఊళ్ళ కోసమే 2025లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసి ఫుట్‌బాల్‌కు ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థను తెచ్చింది. అది ఆలస్యంగా వచ్చిన మంచి పని.

నిజమైన చిక్కు 2026-27 సీజన్ నుంచి వర్తించే కొత్త పద్ధతిలో ఉంది. క్లబ్బు తన ఆదాయంలో 85 శాతం వరకు జట్టు మీద ఖర్చు పెట్టవచ్చు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ 60 కోట్ల ఆదాయమున్న క్లబ్బు 51 కోట్లు పెట్టగలదు, 20 కోట్ల ఆదాయమున్న క్లబ్బు 17 కోట్లే పెట్టగలదు. నిన్న ముందున్నవాడు రేపూ ముందే ఉంటాడు. అందరికంటే తక్కువ టీవీ డబ్బు పొందే క్లబ్బు వాటాను కొలతగా పెట్టి, దానికి ఇన్ని రెట్లు మించి ఎవరూ ఖర్చు చేయకూడదన్న మరో ప్రతిపాదన కూడా ఓటుకు వచ్చింది, అయితే క్లబ్బులు దాన్ని తిరస్కరించాయి. నాకు ఆ ప్రతిపాదనే మేలైనదిగా తోచింది. ఆదాయానికి తగినంత అనే సూత్రం జరిమానాలో, పన్నులో పేదవాడిని కాపాడుతుంది. పోటీలో మాత్రం ధనికుడికే కోట గోడ అవుతుంది. ఒకే సూత్రాన్ని అన్నిచోట్లా గుడ్డిగా పెట్టకూడదని నేననేది అందుకే.

ప్రశ్న (గుంటూరు నుంచి): ఐపీఎల్ వేలంలో అన్ని జట్లకూ ఒకే పర్సు ఉంటుంది కదా. ఇంగ్లండ్ వాళ్ళు ఆ పద్ధతి ఎందుకు పెట్టుకోరు?

జవాబు: 2025 సీజన్ వేలానికి ప్రతి జట్టుకూ 120 కోట్ల రూపాయల పర్సు ఇచ్చారు, హైదరాబాదుకూ అంతే, ముంబయికీ అంతే. ఐపీఎల్‌లో ఇది సాధ్యమే, ఎందుకంటే అక్కడ చివరి స్థానంలో నిలిచిన జట్టు కూడా వచ్చే ఏడాది అదే లీగులో ఆడుతుంది. ఇంగ్లండ్‌లో చివరి మూడు జట్లు కింది డివిజన్‌కు పడిపోతాయి. పడిపోతే టీవీ ఆదాయం ఒక్కసారిగా కుంగుతుంది. ఆ భయం ఉన్నచోట ప్రతి క్లబ్బూ తాహతుకు మించి అప్పు చేసి ఆటగాడిని కొంటుంది. పైగా ఇంగ్లండ్ ఒక్కటే హద్దు పెట్టుకుంటే మంచి ఆటగాళ్ళు స్పెయిన్‌కో ఇటలీకో వెళ్ళిపోతారు. ఐపీఎల్‌కు అలాంటి పోటీ లేదు.

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక ఉపాధ్యాయుడు): ఫిన్లాండ్‌లో బండి వేగంగా నడిపిన ఒక ధనవంతుడికి లక్ష యూరోలకు పైగా జరిమానా వేశారని చదివాను. అది నిజమేనా? మన దగ్గరా అలాంటిది పెట్టవద్దా?

జవాబు: నిజమే. ఫిన్లాండ్‌లో 1921 నుంచి రోజు లెక్కన జరిమానా వేసే పద్ధతి ఉంది. చిన్న తప్పులకు స్థిరమైన మొత్తం వేస్తారు. హద్దుకు మించి గంటకు 20 కిలోమీటర్లు దాటితే ఆదాయం లెక్కలోకి వస్తుంది. పన్ను పోగా మిగిలే నెల ఆదాయంలో 255 యూరోలు తీసివేసి, మిగిలినదాన్ని 60తో భాగిస్తే ఒక రోజు జరిమానా వస్తుంది. తప్పు తీవ్రతను బట్టి అన్ని రోజులకు అది వేస్తారు. నెలకు 2,500 యూరోలు చేతికొచ్చే మనిషికి ఒక రోజుకు 37 యూరోల చిల్లర. 10 రోజులు పడితే 374. అదే తప్పుకు ధనవంతుడికీ 10 రోజులే పడతాయి, కాకపోతే అతని రోజు ఖరీదు వేరు.

నోకియా కంపెనీ ఉన్నతోద్యోగి ఆన్సీ వాన్యోకి 50 హద్దున్న హెల్సింకి వీధిలో 75 వేగంతో మోటారుసైకిలు నడిపినందుకు 2002లో 1,16,000 యూరోలు పడ్డాయి. ఆయన ఆదాయం తగ్గిందని తేలాక కోర్టు దాన్ని బాగా కుదించింది. 2023లో ఓలాండ్ దీవుల వ్యాపారి అండర్స్ విక్లోఫ్‌కు, 50 హద్దున్నచోట 82 వేగానికి, 1,21,000 యూరోలు పడ్డాయి.

మాస్టారూ, ఈ రెండో కథలో చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. అదే విక్లోఫ్‌కు 2013లో 95,000 యూరోలు, 2018లో 63,680 యూరోలు వేగం మీదే జరిమానాలు పడి ఉన్నాయి. ఆదాయాన్ని బట్టి వేసిన జరిమానా న్యాయాన్ని నిలబెట్టింది, కాలిని మాత్రం యాక్సిలరేటరు మీద నుంచి తీయించలేకపోయింది.

ఇక్కడే బ్రిటన్ పద్ధతి పరిశీలించదగినది. చిన్న ఉల్లంఘనకు అందరికీ 100 పౌండ్లు, లైసెన్సు మీద 3 పాయింట్లు. కోర్టుకు వెళ్ళే కేసుల్లో తీవ్రతను బట్టి వారం ఆదాయంలో సగం, పూర్తి, లేదా ఒకటిన్నర రెట్లు మొదలుకొని లెక్క వేస్తారు. కానీ దానికొక పైకప్పు ఉంది: మామూలు రోడ్ల మీద 1,000 పౌండ్లు, మోటారువే మీద 2,500. వారానికి 2 లక్షలు సంపాదించే ఆటగాడికి సగం వారం లెక్కన లక్ష పడవలసింది, పడేది వెయ్యి. అదే వెయ్యి ఒక మాదిరి జీతమున్న ఉద్యోగికీ పడవచ్చు. డబ్బు విషయంలో ఆ చట్టం న్యాయంగా లేదన్నది స్పష్టం. అయితే పాయింట్లు అలా కావు. మూడేళ్ళలో 12 చేరితే మామూలుగా కనీసం 6 నెలలు బండి ముట్టుకోకూడదు. ధనవంతుడికీ మూడే, పేదవాడికీ మూడే. డబ్బుతో కొనలేనిది అదొక్కటే. రోజూ బండి నడిపితేనే పొయ్యి వెలిగే డ్రైవరుకు ఆ 6 నెలలు మరీ భారమన్నది నిజమే, అందుకే అసాధారణ కష్టాన్ని రుజువు చేసుకుంటే కోర్టు కనికరించే వీలుంచారు.

మన సంగతికి వస్తే, 2019 సవరణ చట్టం కారుకు వేగం జరిమానాను 400 రూపాయల నుంచి 1,000–2,000కు పెంచింది. ఆటో తోలేవారికి అది ఒకటి రెండు రోజుల రాబడి. కోటి రూపాయల కారున్నవారికి ఒక పూట కాఫీ ఫలహారాల ఖర్చు. దానికి తోడు తెలంగాణలో పెండింగు చలానాల మీద 2022లోనూ, 2023 చివరలోనూ భారీ రాయితీలు ఇచ్చారు; రెండోసారి ద్విచక్ర వాహనాలకు రాయితీ 80 శాతం. చలానా వచ్చిన వారంలోనే నిజాయితీగా పూర్తిగా కట్టినవారు ఆ రోజు ఏమనుకొని ఉంటారు? 2022లో మన దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద చనిపోయారని, వారిలో 71 శాతం మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. నన్నడిగితే, ముందు చలానాకు రాయితీ ఇవ్వడం మానాలి. తరువాత లైసెన్సు మీద పాయింట్లు తేవాలి. ఆదాయాన్ని బట్టి జరిమానా మూడో మెట్టు, ఎందుకంటే ఆదాయాన్ని సరిగా చూపేవారు తక్కువగా ఉన్నచోట అది జీతగాడి మీద మాత్రమే పడుతుంది.

ప్రశ్న (బర్మింగ్‌హామ్ నుంచి): 30 మైళ్ళ హద్దున్నచోట 40కి వెళితే కెమెరా ఫొటో తీసి నోటీసు పంపింది. పది మైళ్ళకు ఇంత రాద్ధాంతమా? ఈ కెమెరాలన్నీ డబ్బు రాబట్టడానికే కదా?

జవాబు: ఒకప్పుడు కెమెరా జరిమానాలలో కొంత భాగాన్ని స్థానిక సంస్థలు ఖర్చుల కింద ఉంచుకునేవి. 2007లో ఆ పద్ధతి ఆగిపోయింది. ఇప్పుడు జరిమానా కేంద్ర ఖజానాకు వెళుతుంది. కాబట్టి మీ వీధిలో కెమెరా పెట్టినవారికి మీ 100 పౌండ్లు చేరవు.

పది మైళ్ళ సంగతి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఈ లెక్క తెలిసినవారెవరూ ఆ మాట మళ్ళీ అనరని నా నమ్మకం. బ్రిటన్ హైవే కోడ్ ప్రకారం 30 మైళ్ళ వేగంలో బండి ఆగడానికి 23 మీటర్లు కావాలి: ప్రమాదం చూసి బ్రేకు తొక్కేలోపు 9, తొక్కాక 14. నలభైలో 36 మీటర్లు: ముందు 12, తరువాత 24. వేగం మూడో వంతు పెరిగితే బ్రేకు దూరం సుమారు 1.7 రెట్లు కావడానికి కారణం, బండిలోని శక్తి వేగానికి వర్గంగా పెరగడం. మీ ముందు సరిగ్గా 23 మీటర్ల దూరంలో ఒక పిల్ల బంతి కోసం రోడ్డు మీదికి వచ్చిందనుకోండి. ముప్ఫైలో ఉన్న బండి ఆ పిల్ల దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. నలభైలో ఉన్న బండి బ్రేకు తొక్కుతూనే అక్కడికి చేరేసరికి ఇంకా 29 మైళ్ళ వేగంలో ఉంటుంది. మీరు రాద్ధాంతమన్న ఆ పది మైళ్ళ వల్ల మిగిలిపోయిన వేగం ఇది. దయచేసి కోపం తెచ్చుకోకండి. మీకు వేగంపై అవగాహన తరగతికి పిలుపు వస్తే, పాయింట్లు తప్పుతాయని మాత్రమే కాక, శ్రద్ధగా వినడానికి వెళ్ళండి.

ప్రశ్న (స్లౌ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని): నా జీతం 50,000 నుంచి 52,000 పౌండ్లకు పెరగబోతోంది. 40 శాతం శ్లాబులో పడితే చేతికి వచ్చేది తగ్గుతుందని, పెంపు వద్దనమని మా ఆఫీసులో అంటున్నారు. మా అన్నయ్యేమో లక్ష దగ్గర నిజంగానే ఇలా జరుగుతుందంటున్నాడు.

జవాబు: ఆఫీసువారి మాట తప్పమ్మా, మీ అన్నయ్య మాటలో నిజముంది. పెద్ద శ్లాబు రేటు మొత్తం జీతం మీద పడదు. ఆ గీత దాటిన భాగం మీదే పడుతుంది. ఇంగ్లండ్‌లో ఆ గీత 50,270 దగ్గర ఉంది, స్కాట్లాండ్ శ్లాబులు వేరు. మీకు పెరిగే 2,000లో మొదటి 270 మీద 20 శాతం పన్ను, 8 శాతం ఇన్సూరెన్స్. మిగిలిన 1,730 మీద 40 శాతం పన్ను, 2 శాతం ఇన్సూరెన్స్. మొత్తం సుమారు 802 పౌండ్లు పోయి, 1,198 మీ చేతికి అదనంగా వస్తాయి. సంతోషంగా తీసుకోండి.

లక్ష దాటితే కథ మారుతుంది. అందరికీ పన్ను లేకుండా వదిలే 12,570 పౌండ్లను, లక్షకు పైన సంపాదించే ప్రతి 2 పౌండ్లకు 1 చొప్పున వెనక్కి తీసుకుంటారు. దానివల్ల 1,00,000 నుంచి 1,25,140 వరకు ప్రతి అదనపు పౌండు మీద అసలు పన్ను 60 శాతమవుతుంది, ఇన్సూరెన్స్‌తో 62. విచిత్రమేమిటంటే 1,25,140 దాటినవారికి పన్ను తిరిగి 45కు (ఇన్సూరెన్స్‌తో 47కు) దిగుతుంది. పదిలక్షలు సంపాదించే మనిషి చివరి పౌండు మీద కట్టేదాని కంటే లక్షా పదివేలు సంపాదించే మనిషి ఎక్కువ కట్టడాన్ని ఏ విధంగా సమర్థించాలో నాకు అర్థం కాదు. మా పాఠకులలో ఎంతోమంది సరిగ్గా ఈ మధ్యలోనే ఉన్నారు.

మీ అన్నయ్యకు చిన్న పిల్లలుంటే మరింత జాగ్రత్త అవసరం. తల్లిదండ్రులలో ఏ ఒక్కరి సర్దుబాటు ఆదాయం లక్ష దాటినా, ఇంగ్లండ్‌లో పనిచేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటల ఉచిత శిశు సంరక్షణ, దానితో పాటు ఒక్కో బిడ్డకు ఏడాదికి 2,000 పౌండ్ల వరకు వచ్చే సాయం పూర్తిగా ఆగిపోతాయి. ఇక్కడ మెట్లు లేవు, అగాధమే. భార్యాభర్తలు చెరి 99,000 తెచ్చుకునే ఇంటికి ఈ రెండూ అందుతాయి. ఒక్కరే 1,01,000 తెచ్చే ఇంటికి ఈ రెండూ అందవు. పెన్షన్‌లో జమ చేసిన డబ్బు ఆ సర్దుబాటు ఆదాయాన్ని తగ్గిస్తుంది కాబట్టి, లక్షకు కొద్దిగా పైన ఉన్నవారు పెంపును కాదనుకోనక్కరలేదు. పెన్షన్ వాటా పెంచుకుంటే చాలు.

ప్రశ్న (హైదరాబాదు నుంచి): మన దగ్గర 12 లక్షల వరకు పన్ను లేదన్నారు. 12 లక్షల 10 వేలు వస్తే 61,500 కట్టాలా?

జవాబు: కట్టనక్కరలేదు. కొత్త విధానంలో శ్లాబుల లెక్క 61,500 అని చూపినా, ఉపశమనం కింద పన్ను దాటిన మొత్తానికే పరిమితమవుతుంది. మీది జీతం కాని ఆదాయమైతే 10,000, దానిపై 4 శాతం సెస్సు. జీతగాళ్ళకు 75,000 ప్రామాణిక తగ్గింపు ముందే పోతుంది కాబట్టి 12.75 లక్షల జీతం వరకు పన్ను పడదు. బ్రిటన్ శిశు సంరక్షణ నిబంధనలో లేనిది సరిగ్గా ఈ ఉపశమనమే.

ప్రశ్న (లీడ్స్ నుంచి): ఆదాయపు పన్ను రేట్లు పెంచలేదని ప్రభుత్వం అంటోంది. మరి నా పన్ను ఏటా ఎందుకు పెరుగుతోంది?

జవాబు: 12,570, 50,270 అన్న గీతలు 2021 నుంచి కదలలేదు, 2031 వరకు కదిలించబోమని 2025 నవంబరు బడ్జెట్‌లో చెప్పారు. ధరలతో పాటు జీతం పెరుగుతుంది, గీత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రేటు పెంచకుండానే పన్ను పెంచడమంటే ఇదే. దీని బరువు ఎక్కువగా పడేది కింది గీతను ఇప్పుడిప్పుడే దాటుతున్న చిన్న జీతగాళ్ళ మీద, చిన్న పెన్షన్‌దారుల మీద.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): వేరే దేశంలో ఒక్క రోజు ఆడి వచ్చేసే ఆటగాడు ఎక్కడ పన్ను కడతాడు?

జవాబు: సాధారణంగా ఆడిన దేశంలో. బ్రిటన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, బయటి ఆటగాడి ప్రకటనల ఆదాయంలో కూడా కొంత వాటా అడుగుతుంది. ఆ కారణంగానే ఉసేన్ బోల్ట్ 2010లో లండన్‌లో పరుగెత్తడానికి రాలేదు. 2012 ఒలింపిక్స్‌కు, 2011, 2013 సంవత్సరాలలో వెంబ్లీలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనళ్ళకు మాత్రం ప్రభుత్వం ఆ పన్ను మినహాయించింది. మైదానం ఊడ్చేవారికి దొరకని మినహాయింపు ఆటగాళ్ళకు దొరకడం నాకు నచ్చలేదు.

ప్రశ్న (కవెంట్రీ నుంచి ఒక విద్యార్థి): నా రూమ్‌మేట్ కారుకు వేగం నోటీసు వచ్చింది. అతనికి లైసెన్సు వచ్చి ఏడాది కూడా కాలేదు, ఇప్పటికే 3 పాయింట్లున్నాయి. ఆ రోజు కారు నడిపింది నేనేనని రాయమని, 300 పౌండ్లు ఇస్తానని అంటున్నాడు. ఫీజు కట్టవలసిన సమయం, ఇంట్లో అడగలేను. చిన్న సాయమే కదా అనిపిస్తోంది.

జవాబు: బాబూ, ఈ పని చేయవద్దు. మీ స్నేహితుడి భయం నాకు అర్థమవుతోంది. లైసెన్సు వచ్చిన రెండేళ్ళలో 6 పాయింట్లు చేరితే అది రద్దయి, పరీక్షలు మళ్ళీ రాయాలి. కానీ అతను ఎదుర్కొనేది మళ్ళీ ఒక పరీక్ష. మీరు ఎదుర్కొనేది జైలు. వేరేవారి పాయింట్లు తన మీద వేసుకోవడాన్ని బ్రిటన్ చట్టం ట్రాఫిక్ తప్పుగా చూడదు, న్యాయ ప్రక్రియను వక్రీకరించిన నేరంగా చూస్తుంది. క్రిస్ హ్యూన్ అనే రాజకీయ నాయకుడి వేగం పాయింట్లను 2003లో అప్పటి ఆయన భార్య విక్కీ ప్రైస్ తన మీద వేసుకున్నారు. పదేళ్ళ తరువాత ఆ విషయం కోర్టులో తేలింది. అప్పటికే ఆయన మంత్రి పదవి పోయింది. 2013లో ఇద్దరికీ చెరి 8 నెలల శిక్ష పడింది. మంత్రినే వదలని చట్టం విద్యార్థి వీసా మీద ఉన్న మిమ్మల్ని వదులుతుందని ఎలా అనుకోగలం? పాయింట్లను డబ్బుతో కొనలేమని పైన వరంగల్ మాస్టారికి రాశాను. మీ స్నేహితుడు కొనాలనుకుంటున్నది వాటినే.

ఫీజు విషయం మీ విశ్వవిద్యాలయంలోని విద్యార్థి సహాయ విభాగానికి ఈ రోజే చెప్పండి. వాయిదాలలో కట్టే వీలుందేమో అడగండి. ఇంట్లో అడగడానికి మొహమాటపడుతున్నారు, కానీ మీ అమ్మానాన్నలకు 300 పౌండ్ల కబురు కంటే కోర్టు కబురు ఎన్నో రెట్లు బరువైనది.

మీ స్నేహితుడికి ఇంకో మాట కూడా చెప్పండి. ఎవరు నడిపారో చెప్పకుండా నోటీసును పక్కన పడేస్తే, ఆ ఒక్క తప్పుకే 6 పాయింట్లు, 1,000 పౌండ్ల వరకు జరిమానా పడతాయి. వేగం హద్దుకు కొద్దిగానే పైన ఉంటే, గత మూడేళ్ళలో తరగతికి వెళ్ళి ఉండకపోతే, పాయింట్లకు బదులు అవగాహన తరగతి ఇచ్చే అవకాశం అతనికి ఇంకా ఉండవచ్చు. ఆ కాగితంలో నడిపినవారి పేరే రాసి, 28 రోజుల గడువు దాటకుండా అతని చేతనే పోస్టు చేయించండి.